దాదీసా గొంతు మనం వినలేదు

‘చిన్నారి పెళ్లికూతురు’ సీరియల్ బామ్మగా (హిందీలో ‘దాదీసా’గా) మన ఇళ్లల్లో తెలిసిన నటి సురేఖా సిక్రీ మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. కొన్ని ఆమె గురించి, కొన్ని ఆమె పేరు చెప్పి నటన గురించి. రెండింటినీ విడదీయడం కుదరలేదు.

ప్ర: ఆ బామ్మ నిజంగా రాజస్థానీయేనా? ఆ సీరియల్‌కి ముందు ఆమెను ఎక్కడా చూసిన గుర్తు లేదు. అంత వయసులో కొత్తగా నటనలోకి వచ్చారా?
— పాఠకురాలు, తణుకు

జ: రాజస్థానీ కాదు, కొత్తా కాదు. సురేఖా సిక్రీ 1945 ఏప్రిల్ 19న ఢిల్లీలో పుట్టారు. పెరిగింది కొండ ఊళ్లయిన అల్మోరా, నైనితాల్‌లలో. చదివింది అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో. అక్కడి నుంచి ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు వెళ్లారు. అప్పుడు దాని డైరెక్టర్ ఇబ్రహీం అల్కాజీ. 1962 నుంచి 1977 దాకా ఆయన హయాంలో నటన ఒక్కటే నేర్చుకుని బయటపడడం కుదిరేది కాదు. సెట్టు, లైట్లు, దుస్తులు, వాచికం (మాట పలికే తీరు) అన్నిటిలోనూ చెయ్యి పెట్టాల్సిందే.

చదువయ్యాక ఆ స్కూలుకే చెందిన రెపర్టరీ కంపెనీలో పదేళ్లకు పైగా పనిచేశారు. రెపర్టరీ అంటే నెలజీతం మీద నడిచే నాటక సమాజం. నాలుగైదు నాటకాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఈ వారం ఒకటి ఆడితే పై వారం ఇంకొకటి. మనవాళ్లకు సురభి సంగతి చెబితే ఇట్టే అర్థమవుతుంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ సమాజంలోనూ ఒకే నటి ఒక రోజు ఒక వేషం, మర్నాడు మరో వేషం కట్టేది. తేడా ఏమిటంటే సురభిది కుటుంబం, పద్యం, ట్రిక్కు సీన్లు. ఢిల్లీది జీతం, వచనం, దేశదేశాల నాటకం. ‘తుగ్లక్’, ‘ఆధే అధూరే’, ‘సంధ్యాఛాయా’ వంటి నాటకాలతో అక్కడ పేరు తెచ్చుకున్న జట్టులో ఆమె, నటుడు మనోహర్ సింగ్ ముందువరసలో ఉండేవారు. రంగస్థల నటనకే 1989లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది.

‘చిన్నారి పెళ్లికూతురు’ హిందీ మాతృక ‘బాలికా వధు’ 2008 జూలై 21న మొదలైంది. కలర్స్ ఛానల్ పుట్టింది కూడా ఆ రోజే. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు. అంటే మనం ఆమెను మొదటిసారి చూసే వేళకు ఆమె వెనక దాదాపు నలభై ఏళ్ల పని ఉంది.

ఇంకో మాట. చిన్నపిల్లల పెళ్లిళ్లు ఉత్తరాది సంగతి అన్నట్టు మనం ఆ సీరియల్ చూశాం. ‘కన్యాశుల్కం’ విజయనగరంలో తొలిసారి ఆడింది 1892లో. లుబ్ధావధాన్లకు సుబ్బిని కట్టబెట్టబోయిన కథ మనదే.

ప్ర: ఆమెకు మూడు జాతీయ అవార్డులు వచ్చాయని, అందులో ఒకటి టీవీ సీరియల్‌కని చదివాను. జాతీయ సినిమా అవార్డు సీరియల్‌కి ఎలా ఇస్తారు?
— పాఠకుడు, హన్మకొండ

జ: మూడూ ఉత్తమ సహాయ నటి అవార్డులే. ‘తమస్’, ‘మమ్మో’, ‘బధాయీ హో’.

మీ సందేహం ‘తమస్’ గురించి. భీష్మ సాహనీ నవలను గోవింద్ నిహలానీ తెరకెక్కించారు. దూరదర్శన్‌లో 1988లో భాగాలుగా వచ్చింది కాబట్టి మనకు అది సీరియల్‌గానే గుర్తు. నిజానికి అది నాలుగు గంటలు దాటిన ఒకే పెద్ద చిత్రం. సినిమాగానే పోటీకి వెళ్లింది. జాతీయ సమైక్యతపై ఉత్తమ చిత్రంగా కూడా అవార్డు తెచ్చుకుంది. అందులో ఆమె రాజో అనే ముస్లిం ఇల్లాలు. దేశ విభజన అల్లర్లలో ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన సిక్కు ముసలి దంపతులకు తన ఇంట్లో చోటిస్తుంది. ఆ సిక్కు పెద్దాయన వేషం వేసింది నవలా రచయిత భీష్మ సాహనీయే. రాజోగా కొద్దిసేపే కనిపించిన ఆ పాత్రకే సిక్రీకి అవార్డు వచ్చింది.

‘మమ్మో’ శ్యామ్ బెనగళ్ తీసిన 1994 నాటి సినిమా. పేరుపాత్ర ఫరీదా జలాల్‌ది. సిక్రీ ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన ఫయ్యాజీ. ‘బధాయీ హో’ 2018లో వచ్చింది. దానికి అవార్డును 2019 డిసెంబరులో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతుల మీదుగా చక్రాల కుర్చీలో కూర్చుని అందుకున్నారు. సభ లేచి నిలబడింది.

ప్ర: స్టేజీవాళ్లు టీవీలో అతి చేస్తారంటారు. పరిషత్తు నాటక పోటీల్లో ఆడే మా బృందంలో ఇద్దరికి సీరియల్ అవకాశం వచ్చింది. వాళ్లకేం చెప్పమంటారు?
— నాటక సమాజ కార్యదర్శి, చిలకలూరిపేట

జ: అతి నేర్పేది నాటకం కాదు, పరిషత్తు మైకు. స్టేజీ మీద వరసగా వేలాడే మైకులు మీకు తెలియనివి కావు. మాట ఉన్నవాడు మైకు కిందికి వస్తాడు, మాట అయిపోయినవాడు పక్కకు తప్పుకుంటాడు. మొహం జనం వైపు, భుజం ఎదుటివాడి వైపు. వాక్యం చివర చప్పట్ల కోసం ఒక ఎత్తు. గంట నాటికలో ఇవి లేకపోతే వెనక కుర్చీకి ఏమీ అందదు. కెమెరా ముందు మాత్రం ఇవన్నీ తప్పులే.

ముందు గొంతు సంగతి. సెట్‌లో రికార్డిస్టు మీ రిహార్సల్ విని మైకు స్థాయి పెట్టుకుంటాడు. మనవాళ్లు రిహార్సల్‌లో గొంతు దాచుకుని, టేక్‌లో తెరుస్తారు. అక్కడే శబ్దం పగులుతుంది, రీటేక్ పడుతుంది. రిహార్సల్‌లో ఎంత గొంతో టేక్‌లోనూ అంతే ఉండాలి. నాలుగడుగుల దూరంలో మంచం మీద కూర్చున్న మనిషితో మాట్లాడే గొంతు చాలు. పద్యం పాడేవాళ్లయితే ఊపిరిని తెచ్చుకోండి, రాగాన్ని బయట వదిలేయండి. ఆ ఊపిరి పెద్ద ఆస్తి, పొడవైన డైలాగును మధ్యలో తెగకుండా నడుపుతుంది.

తరవాత తల. క్లోజప్‌లో మొహమే తెర అంతా ఉంటుంది. స్టేజీ మీద కనిపించని అర అడుగు కదలిక అక్కడ ఫోకస్ దాటిపోతుంది. నేల మీద టేపుతో పెట్టిన గుర్తు దగ్గర ఆగాలి, కిందికి చూడకుండా ఆగాలి. ముందే ఆ గుర్తు నుంచి వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుంటే సరి. ఎదుటివాడి రెండు కళ్లలో కెమెరాకు దగ్గరగా ఉన్న కంటినే చూడాలి. రెండూ మార్చి మార్చి చూస్తే తెర మీద చూపు వణుకుతున్నట్టు ఉంటుంది.

ఇక చేతులు. అదే సన్నివేశాన్ని ముందు దూరం నుంచి, తరవాత దగ్గర నుంచి తీస్తారు. ‘ఎందుకు’ అనే మాట దగ్గర గ్లాసు ఎత్తితే ప్రతిసారీ ఆ మాట దగ్గరే ఎత్తాలి. లేకపోతే ఎడిటర్ రెండు ముక్కల్ని కలపలేడు, మీ మంచి టేక్‌ని పక్కన పడేసి చప్పటి టేక్ వాడతాడు. అందుకే చేతికి పని తక్కువ పెట్టుకోవాలి.

వీటన్నిటికన్నా మనవాళ్లను కంగారు పెట్టేది కాగితం. అరగంట సీరియల్‌లో ప్రకటనలు పోగా ఇరవై రెండు నిమిషాల కథ ఉంటుంది. వారానికి ఐదు రోజుల ప్రసారమంటే రోజుకు సుమారు ఒక ఎపిసోడ్ తీయక తప్పదు. డైలాగు కాగితం షాట్‌కి కాసేపు ముందే చేతికి వస్తుంది. దాన్ని వాక్యాలుగా బట్టీ పట్టకండి. ఎక్కడ ఆలోచన మారుతుందో అక్కడ గీత పెట్టండి, ఎదుటివాడి ఆఖరి రెండు మాటలు గుర్తుంచుకోండి. వారానికొక నాటకం మార్చి ఆడిన సిక్రీ లాంటివారికి టీవీ వేగం అడ్డం కాకపోవడానికి కారణం ఈ అలవాటే.

ఆమె నటన చూపించాలంటే ‘బాలికా వధు’ హిందీ ఎపిసోడ్ ఒకటి తీసుకుని మొదట శబ్దం ఆపేసి చూపండి. మాట మొదలయ్యేముందే మొహంలో నిర్ణయం పూర్తయి ఉంటుంది. మనవాళ్లలో చాలామందికి మాట, మొహం ఒకేసారి మొదలవుతాయి. అతి అనిపించేది అందుకే. రెండోసారి శబ్దంతో చూపండి. కోపంలో మాటకూ మాటకూ మధ్య ఆమె తీసుకునే ఎడం ఎంతో వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

ప్ర: హిందీలో కొన్ని ఎపిసోడ్లు చూశాను. బామ్మ వేరే మనిషిలా అనిపించింది. డబ్బింగ్‌లో ఏం పోతుంది?
— పాఠకురాలు, కరీంనగర్

జ: ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నాం. మా టీవీ ఛానల్‌లో మనం చూసింది సురేఖా సిక్రీ మొహాన్ని, విన్నది వేరొకరి గొంతును. రంగస్థలం ఆమెకిచ్చిన దానిలో సగం ఆ గొంతులోనే ఉంది. డబ్బింగ్ చెప్పినవారి తప్పు కాదు, ఇబ్బంది రెండు భాషల మధ్యే ఉంది.

మొదటిది పెదాలు. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరుచుకునే ఉంటుంది. హిందీలో చాలా మాటలు హల్లుతో ఆగిపోతాయి. తెర మీద ఆమె ‘కామ్’ అని పెదాలు మూసేస్తే మనం ‘పని’ అని తెరిచి ఉంచుతాం. క్లోజప్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అనుభవం ఉన్న డబ్బింగ్ రచయిత ఏం చేస్తాడంటే, పెదాలు మూసిన చోట సున్నాతో ముగిసే మాట పడేలా వాక్యం తిప్పుతాడు. ‘మనం’, ‘చేద్దాం’, ‘సంబంధం’. ప, బ, మ ఎక్కడ పడ్డాయో ముందు గుర్తుపెట్టుకుని, వాటి చుట్టూ మిగతా మాటలు అల్లుతాడు. మధ్యలో ఉన్న మాటల పెదాలు కలవకపోయినా చూసేవాళ్లు పట్టించుకోరు. మొదలు, చివర కలిస్తే చాలు.

రెండోది, అసలు చిక్కు, ‘వద్దు’ చోటు. హిందీలో కాదనే మాట క్రియకు ముందు వస్తుంది: ‘నహీఁ జాయేగీ’. తెలుగులో అది క్రియలో కలిసి చివరికి పోతుంది: ‘వెళ్లదు’. ఆమె ‘నహీఁ’ దగ్గర కళ్లు ఎర్రజేసి, ‘జాయేగీ’ దగ్గరకు చల్లబడిపోతుంది. మన గొంతు అప్పటికి ‘వెళ్‌…’ దగ్గరే ఉంటుంది. మొహం కోపగించుకున్నప్పుడు మాటలో కోపం లేదు, మాటలో కోపం వచ్చేసరికి మొహం మామూలైంది. దీనికి మందు ఒకటే. వద్దన్న మాటను ముందుకు తెచ్చి వాక్యాన్ని రెండు చేయడం: ‘వద్దు. అది వెళ్లదు.’ నిడివి చాలకపోతే ‘అది’ తీసేయాలి. ఈ పని రచయిత కాగితం మీద చేయకపోతే బూత్‌లో గొంతు చెప్పేవారు చేయలేరు, అప్పటికే సమయం మించిపోయి ఉంటుంది.

మూడోది మౌనం. గబగబా మాట్లాడే పాత్రకు డబ్బింగ్ తేలిక. ఆగి ఆగి మాట్లాడే నటికే కష్టం. ఆ ఆగిన చోట ఆమె ఊపిరి తీస్తుంది, గొంతులో చిన్న మూలుగు ఉంటుంది. సంగీతం, చప్పుళ్ల ట్రాకు విడిగా వచ్చినా నటి ఊపిరి ఆమె మాటల ట్రాకుతోపాటు పోతుంది. డబ్బింగ్ చెప్పేవారు దాన్ని మళ్లీ ఊపిరి తీసి పూడ్చాలి. హడావుడిలో అది వదిలేస్తారు. అప్పుడు తెర మీద ఛాతీ కదులుతుంది, శబ్దం ఉండదు. మీకు ‘వేరే మనిషి’ అనిపించినది బహుశా అక్కడే.

యాస గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. హిందీ మాతృకలో కోడలిని ‘బీందణీ’ అంటుంది, ‘నీ’, ‘నా’లకు ‘థారీ’, ‘మ్హారీ’ వస్తాయి. దాదీకి తగిలించిన ‘సా’ కూడా అక్కడి మర్యాదే. రాజస్థాన్ పల్లెను తెలుగులో ఏ జిల్లా యాసలోకి దించినా అబద్ధమే అవుతుంది. మామూలు తెలుగు వాడడమే మేలని మా అభిప్రాయం.

ప్ర: నసీరుద్దీన్ షాకి, ఆమెకు బంధుత్వం ఉందా?
— పాఠకుడు, బరంపురం

జ: ఉంది. ఆయన మొదటి భార్య సిక్రీకి సవతి సోదరి. వాళ్ల కూతురు హీబా షా ‘బాలికా వధు’లో దాదీసా యువతిగా ఉన్నప్పటి పాత్ర వేసింది. పోలిక ఎక్కడిదా అని ఆశ్చర్యపోయినవారికి జవాబు అదే. చిన్నారి పెళ్లికూతురుగా వేసిన అవికా గోర్ మనకు కొత్త కాదు, 2013లో ‘ఉయ్యాలా జంపాలా’తో తెలుగులో కథానాయిక అయింది.

ప్ర: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది. సురేఖా సిక్రీ చదివిన స్కూల్లోనే చేరతానంటోంది. ఎలా సిద్ధం చేయాలి?
— తండ్రి, అనంతపురం

జ: నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో కోర్సు మూడేళ్లు. డిగ్రీ ఉండాలి. అంతకుముందు ఆరు నాటక ప్రదర్శనల్లోనైనా పాల్గొని ఉండాలని, రంగస్థల నిపుణులు ఇద్దరి సిఫారసు కావాలని నిబంధనలు అడుగుతాయి. చాలామంది తెలుగు పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. ప్రదర్శనలు చేసి ఉంటారు, కాగితం ఉండదు. ప్రతి ప్రదర్శన కరపత్రం, తేదీ, వేదిక పేరు, దర్శకుడి సంతకం ఇప్పటినుంచే ఒక ఫైల్లో పెట్టండి. తెరవెనక పనిచేసినా దాని రుజువూ పెట్టండి. వయసు పరిమితి, దరఖాస్తు తేదీలు ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోండి.

ఎంపిక రెండు మెట్లు. మొదట ప్రాథమిక ఆడిషన్, అందులో నెగ్గినవారికి ఢిల్లీలో కొన్ని రోజుల వర్క్‌షాప్. ఆడిషన్‌కి సినిమా డైలాగు పట్టుకుపోకండి. నాటకంలోని రెండు భాగాలు, స్వభావంలో ఒకదానికొకటి దూరమైనవి, ఒక్కోటి రెండు మూడు నిమిషాలకు మించకుండా తయారుచేయండి. పరీక్షించేవారు మధ్యలో ఆపి ‘ఇదే మాట రోగిష్టి మనిషిలా చెప్పు’, ‘నవ్వుతూ చెప్పు’ అంటారు. ఒకే పలుకు తీరులో బట్టీ పట్టినవారు అక్కడ చతికిలబడతారు. అందుకే ఇంట్లో అదే భాగాన్ని నేల మీద పడుకుని, బియ్యం ఏరుతూ, మెట్లెక్కుతూ చెప్పించండి. పాట అడగవచ్చు. మన పద్యమో, జానపదమో శ్రుతిలో పాడితే చాలు. పాఠం హిందీ, ఇంగ్లీషులలో నడుస్తుంది కాబట్టి ఈ ఏడాది రోజుకు అరగంట హిందీ నాటకం పైకి చదివించండి.

ఒక్క ఢిల్లీ మీదే ఆశ పెట్టుకోవద్దు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయాలలో రంగస్థల కళల విభాగాలు ఉన్నాయి. అక్కడ చదువుతూ చేసిన ప్రదర్శనలే పై ఏడాది ఢిల్లీ దరఖాస్తుకు ఆధారం అవుతాయి.

ప్ర: మా సమాజంలో డెబ్బై ఏళ్ల నటుడికి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి తగ్గింది. మళ్లీ వేషం వేస్తానంటున్నారు. సురేఖా సిక్రీ కూడా అలాగే నటించారని విన్నాం. వేయించవచ్చా?
— నాటక దర్శకుడు, నంద్యాల

జ: ఆమెకు 2018లో మెదడులో స్ట్రోక్ వచ్చింది. ఆ తరవాత కూడా పనిచేశారు. 2020 జనవరి 1న విడుదలైన ‘ఘోస్ట్ స్టోరీస్’ సినిమాలో దర్శకురాలు జోయా అఖ్తర్ తీసిన భాగంలో ఆమెది మంచం పట్టిన ముసలామె పాత్ర. ఒంటికి సరిపడే పాత్రను ఎంచుకుంటే కెమెరాకు గానీ, చూసేవాళ్లకు గానీ ఏ లోటూ కనబడదు. ఆ ఏడాదే కోవిడ్ నిబంధనల్లో 65 ఏళ్లు దాటినవారు షూటింగ్‌లకు రాకూడదని మహారాష్ట్ర ప్రభుత్వం మే నెలలో పెట్టింది. తనకు ఎవరి సాయమూ వద్దు, పని కావాలి అని ఆమె బాహాటంగానే చెప్పారు. ఆ నిబంధనను ఆగస్టులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. సెప్టెంబరులో ఆమెకు మళ్లీ స్ట్రోక్ వచ్చింది. 2021 జూలై 16న ముంబయిలో గుండె ఆగి పోయారు. 76 ఏళ్లు.

మీ నటుడి విషయంలో డాక్టరు సరేనన్నాకే మిగతాది. తరవాత పాత్రను మనిషికి తగ్గట్టు కోయండి, మనిషిని పాత్రలోకి ఇరికించకండి. పది నిమిషాలు ఆపకుండా ఆయన చేత పాఠం చదివించి వినండి. ఎన్నో నిమిషంలో మాట ముద్దవుతోందో చూసి, ఆయన ఏకబిగిన మాట్లాడే భాగం అందులో సగానికి మించకుండా రాయించండి. ప్రవేశం నడిపించవద్దు. తెర లేచేసరికే కుర్చీలో ఉండాలి, నిష్క్రమణ దీపాలు ఆరాక. కుర్చీకి చేతులు ఉండాలి, మోకాలి ఎత్తుకు తగ్గకూడదు. పడకకుర్చీలో కూర్చోబెడితే లేవలేరు. కాళ్ల కింద తివాచీ, వైరు ఉండకూడదు. చూపు లేదా చెయ్యి ఏ పక్క బలహీనమో తెలుసుకుని, ఎదుటి పాత్రధారులు రెండో పక్క నుంచి వచ్చేలా కదలికలు మార్చండి.

ఆయన మాట మరిచిపోతే అందించే బాధ్యత తెరపక్క ప్రాంప్టర్‌కి కాకుండా రంగంలోనే ఉన్న ఒక పాత్రకు ఇవ్వండి. కొడుకు పాత్రధారి ‘అదే కదా నాన్నా, పొలం సంగతేగా నువ్వనేది’ అంటే జనానికి తెలియదు, ఆయనకు అందుతుంది. ఇలాంటి అందింపులు మూడు నాలుగు ముందే రాసి ఇద్దరికీ రిహార్సల్ చేయించండి. సాయంత్రం అలసట వస్తుంది కాబట్టి పరిషత్తు వారిని అడిగి మొదటి ప్రదర్శన వరస తీసుకోండి. సన్నివేశంలో కాఫీ తాగడం ఉంటే ఖాళీ గ్లాసే ఇవ్వండి. స్ట్రోక్ వచ్చినవారికి మింగడంలో ఇబ్బంది మిగిలి ఉండవచ్చు, మాటకూ మాటకూ మధ్య గుటక వేస్తే పొలమారుతుంది.